శాలువా కప్పుకున్న జొన్న

అనగనగనగా, మబ్బు దారి తప్పితే తప్ప వాన పడని ఎగువసీమలో ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక కొండ. కొండకు ఒక ఊట, ఊటకు ఒక కాలువ, కాలువకు ఒక తూము, తూముకు ఒక తాళం. ఆ తాళంచెవి రాజుగారి మొలలో. కథంతా ఆ తాళంచెవి చుట్టూనే తిరుగుతుంది పిల్లలూ, దాన్ని మరిచిపోకండి.

రాజు పేరు ధీరకేతుడు. పేరులోనే ధైర్యం ఉంది గనుక ఇంకెక్కడా వెతుక్కోనక్కర లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని రోజూ ఉదయం లేవగానే తోమి తళతళలాడించడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. అతని పేరు మధురకంఠుడు. అతని పని పొగడడం. రాజు తుమ్మితే సింహగర్జన అనేవాడు. రాజు తూలితే గజగమనం అనేవాడు.

ఏటా ఏరువాక ముందు ఆ రాజ్యంలో నీటి కొలువు జరిగేది. ఆ రోజుల్లో చెట్టూ చేమా మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయి, వినేవాళ్లే తగ్గారు. పైర్లన్నీ తమ రైతులతో కలిసి కోట ముందుకు వచ్చి గోడు చెప్పుకునేవి. ఏడుపు ఎంత గట్టిగా ఉంటే తూము తలుపు అంత పైకి లేచేది. అదే అక్కడి ఆచారం. ఏడ్చినవారికి నీళ్లు.

మరి ఏడవనివారికి?

ఏడవనివారికి బిరుదు.

ఆ ఏడు కొలువులో ముందుగా అరటి వచ్చింది. "రాజా, ఒక్క పూట నీరు తప్పినా నా ఆకులు చీలికలైపోతాయి" అని భోరుమంది. తూము లేచింది. తర్వాత చెరకు వచ్చింది. "రాజా, నేను ఎండితే మీ పండగకు తీపి ఏదీ?" అని గద్గదస్వరంతో అడిగింది. తూము ఇంకాస్త లేచింది.

చివరగా మిట్ట మీది జొన్న వచ్చింది. దాని వెంట దాన్ని పండించే సుంకులమ్మ వచ్చింది. మిట్ట మీద ఆమెకు ఒక చేను, ఒక ఇల్లు, ఇంట్లో అత్త, మొగుడు, ముగ్గురు పిల్లలు. ఆ ఇంట్లో అందరి సంగటీ ఆ చేనిదే. అందరూ తిన్నాక కుండలో మిగిలిన మాడు ఆమెది. ఊళ్లో ఆమెకూ మంచి పేరే ఉంది. "ఓర్పంటే సుంకులమ్మదేనమ్మా!" అని ప్రతి అత్తా తన కోడలికి ఆమెను చూపించేది.

"నీ సంగతేమిటి?" అన్నాడు రాజు.

"నా వాటా నాకు చాలు రాజా. ఎక్కువ వద్దు, తక్కువ చేయవద్దు" అంది జొన్న.

"ఇంతేనా? ఏడవవేం?"

"ఏడిస్తే ఒంట్లో ఉన్న కాస్త తడీ పోతుంది రాజా. నాకు అంత తాహతు లేదు."

సభ గొల్లున నవ్వింది. మధురకంఠుడు ముందుకు దూకాడు. "ఆహా! విన్నారా ప్రభూ! ఎంత అణకువ, ఎంత నిబ్బరం! ఇటువంటి తల్లికి నీళ్లతో పనేముంది?"

రాజుకు ఆ మాట నచ్చింది. తనకు కలిసివచ్చే మాటలన్నీ రాజుకు నచ్చుతాయి. జొన్న వాటాలో పెద్ద భాగం తీసి అరటికి ఇచ్చాడు. జొన్నకు "ఓర్పుల తల్లి" అని బిరుదు ఇచ్చాడు. మేళతాళాలతో ఒక పట్టు శాలువా తెప్పించి జొన్న భుజాల మీద కప్పించాడు. జొన్నకు భుజాలు లేవు. మధురకంఠుడు ఉన్నాయనుకుని కప్పాడు.

సుంకులమ్మ మురిసిపోయింది. శాలువాను చంకలో పెట్టుకుని మిట్ట ఎక్కుతూ, "చూశావా జొన్నమ్మా, మనకెంత గౌరవమో! మా వంశంలో ఎవరికైనా పట్టు తగిలిందా?" అంది.

"గౌరవం బాగానే ఉంది గానీ అక్కా, దీన్ని వేరు దగ్గర పిండితే చుక్క నీరు వస్తుందా?" అంది జొన్న.

సుంకులమ్మకు ఆ మాట రుచించలేదు. "ఎప్పుడూ నీకు వంకలే" అని కసిరింది. శాలువాను దూలానికి వేలాడదీసి, వచ్చినవాళ్లందరికీ చూపించింది.

*

ఆ ఏడు ఎండలు ముదిరాయి. నీరు అందక జొన్న తన ఆకులను నిలువునా చుట్టుకుంది. చాపలా పరుచుకోవలసిన ఆకు బూరలా గుండ్రమైంది. దూరం నుంచి చూస్తే చేనంతా రెండేసి చేతులు జోడించి నిలుచున్నట్టు ఉంది.

రాజు పల్లకీలో అటుగా వెళుతూ ఆగాడు. "అదేమిటి?"

"నమస్కారం ప్రభూ! తమరు వస్తున్నారని మిట్ట మిట్టంతా చేతులు జోడించింది" అన్నాడు మధురకంఠుడు.

రాజు చెయ్యెత్తి దీవించి వెళ్లిపోయాడు.

పిల్లలూ, అది నమస్కారం కాదు. ఎండ తగిలే మేర తగ్గించుకోవడానికి, ఒంట్లో తడి ఆవిరై పోకుండా దాచుకోవడానికి జొన్న ఆకు చుట్టుకుంటుంది. ఆకు మీద ఉండే సన్నని రంధ్రాలన్నీ మూసుకుంటుంది. అలా మూసుకున్న పూట దానికి అన్నం ఉండదు. ఎందుకంటే అది వండుకునేది ఆకుతోనే, ఆ రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకునే. నోరు మూసుకుంటే దాహం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. నోరు మూసుకున్నవాళ్లను చూసి కడుపు నిండిందనుకోవడం రాజులకు ఉన్న పాత జబ్బు.

ఆ ఏడు కంకులు చిన్నవయ్యాయి. సుంకులమ్మ కుండలో మాడు కూడా పలచబడింది.

మరుసటి ఏడు మళ్లీ నీటి కొలువు. జొన్న చచ్చినా గింజ బతుకుతుంది, గింజ ఏదీ మరిచిపోదు. అందుకే ఈసారి జొన్న ముందుగానే అడిగింది.

"రాజా, పోయినేడు తీసుకున్న నా వాటా నాకు తిరిగి ఇప్పించండి."

సభ ముక్కు మీద వేలు వేసుకుంది.

"అయ్యయ్యో! ఓర్పుల తల్లి నోట ఈ మాటా? బిరుదు పుచ్చుకుని, శాలువా కప్పించుకుని, ఇప్పుడు నీళ్లకోసం చెయ్యి చాపడమా? నీకు కాకపోయినా బిరుదుకు సిగ్గు ఉండాలి గదా తల్లీ!" అన్నాడు మధురకంఠుడు.

చూశారా! బిరుదు ఎందుకిచ్చారో ఇప్పుడు తెలిసిందా? పశువు నోటికి చిక్కం కడతారు, మేత ముట్టకుండా. చిక్కం తాడుతో అల్లుతారు, బిరుదు మాటలతో అల్లుతారు. పని మాత్రం ఒకటే.

రాజు మిగిలిన వాటాలో సగం తీసి చెరకుకు ఇచ్చాడు. జొన్నకు రెండో శాలువా కప్పాడు.

ఈసారి జొన్న కింది ఆకులను ఒక్కొక్కటిగా వదులుకుంది. ఉన్న తడినంతా నడిమి మొవ్వుకు పంపి, మొవ్వును బతికించుకుంది. పైకి ఎదగడం మానేసి నేల లోపలికి దిగింది. రాయి తగిలితే పక్కకు తిరిగి, మళ్లీ దిగింది. కాండం మీద తెల్లని మైనం బూదిలా పూసుకుని ఎండను వెనక్కి కొట్టింది.

రాజు పల్లకీ మళ్లీ ఆగింది. "ఇదేమిటి, ఇంత పొట్టిగా ఉంది?"

"వినయం ప్రభూ! తమకన్నా ఎత్తుగా ఉండడం ఇష్టం లేక కురచైంది. ఆకులు రాల్చడం త్యాగం. ఒంటినిండా విభూతి. ఇది పైరు కాదు, తపస్విని!"

రాజు మళ్లీ దీవించాడు.

ఆ సాయంత్రం సుంకులమ్మ చేనుగట్టు మీద కూలబడింది. రాలిన ఆకులు ఏరుతూ, "ఎందుకే వీటిని వదిలేశావు? నీ ఒంటివే గదా" అంది.

"అందరికీ తడి చాలదక్కా. ఎవర్నో ఒకర్ని వదులుకోవాలి. మొవ్వు పోతే నేనే పోతాను. అందుకని కింది ఆకుల్ని ఎండబెట్టాను" అంది జొన్న.

సుంకులమ్మ ఇంకో ఎండాకు ఏరి చేతిలో పట్టుకుంది.

"నిన్నొకటి అడగనా అక్కా? మొన్నటి నుంచి నువ్వు చీర కుచ్చెళ్లు ఇదివరకటి కంటే గట్టిగా బిగించి కడుతున్నావు. ఎందుకు?"

"వదులవుతోంది. జారిపోతుంటే బిగించుకోనా మరి?"

"మీ ఇంట్లో ఎవరికి వదులైంది? నీ మొగుడి పంచె వదులైందా? మీ అత్త చీర?"

సుంకులమ్మ చేతిలోని ఎండాకు పుటుక్కున విరిగింది. చాలాసేపు తన నడుము వంక చూసుకుంది.

"నేనూ కింది ఆకునేనటే ఆ ఇంట్లో?" అంది చివరికి.

"నన్నడిగితే ఏం చెప్పను? నాకు ఇచ్చిన శాలువాయే నీకూ ఇచ్చారు. నీది కనబడదు, అంతే."

ఆ రోజు ఇంటికి వెళ్లి సుంకులమ్మ దూలం మీది శాలువాలు దించింది. కుండలో సంగటిని ముందే ముద్దలు చేసి, తన ముద్ద తన పళ్లెంలో పెట్టుకుని అందరితో పాటు కూర్చుంది. అత్త నోరు తెరిచింది. "ఏమే, నీ ఓర్పు ఏమైందే?" అంది.

"ఆకలైంది అత్తా" అంది సుంకులమ్మ. తినడం మొదలుపెట్టింది.

*

మూడో ఏడు నీటి కొలువు వచ్చేసరికి రాజుకు కొత్త ముచ్చట పుట్టింది. కోట వెనక ఒక కేళాకూళి తవ్వించాడు. అంటే ఆయన చల్లగా జలకాలాడే కొలను. దానికి నీళ్లు కావాలి.

జొన్న ఈసారి గొంతు పెంచింది. "రాజా! రెండేళ్లుగా నా నోటి దగ్గరి నీళ్లు లాగుతున్నారు. ఈ ఏడు నా వాటా ఇవ్వకపోతే నేను బతకను. ఒకవేళ బతికినా ఇప్పటిలా బతకను. ముందే చెబుతున్నాను."

"కోపమా!" రాజు కళ్లు పెద్దవయ్యాయి. "ఓర్పుల తల్లికి కోపమా! ఆడపుట్టుకకు కోపం అందమేనా?"

"దాహానికి ఆడా మగా ఏమిటి దొరా?" అంది వెనక నుంచి సుంకులమ్మ.

"నువ్వెవరివే మధ్యలో?"

"ఆ జొన్న తిని బతికేదాన్ని. మీ ఏలుబడిలో ఉండేదాన్ని. ఈ రెంటిలో దేనికి సిగ్గుపడాలో ఇంకా తేల్చుకోలేదు."

సభలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. రాజు మొహం కందగడ్డ అయింది. జొన్నకు మిగిలిన నీళ్లన్నీ కేళాకూళికి మళ్లించాడు. మూడో శాలువా మాత్రం మానలేదు. ఈసారిది జరీ అంచుది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. శ్రావణంలో కూడా రోళ్లు పగిలే ఎండ కాసింది. జొన్న ఆకు చుట్టుకుంది, చాలలేదు. కింది ఆకులు రాల్చుకుంది, అదీ చాలలేదు. వేరు కిందికి పంపింది, కింద రాయి తప్ప ఏమీ లేదు. కంకి వేయడానికి ఒంట్లో సత్తువ లేదు. మోకాలెత్తున లేతగానే వాడి నిలబడిపోయింది.

అప్పుడు జొన్న తన దగ్గర ఉన్న చివరి పని చేసింది. నీళ్లందక లేత వయసులోనే వాడిన జొన్నలో ఒక విషం చేరుతుంది. రైతులు దాన్ని నాము అంటారు. ఉన్న నాలుగు ఆకుల్నీ ఎవరూ కొరక్కుండా కాపాడుకోవడానికి జొన్న కట్టుకున్న కంచె అది. పగ కాదు, కంచె.

సరిగ్గా అప్పుడే రాజుగారి రథపు ఎడ్లకు పచ్చిమేత కరువైంది.

"మిట్ట మీద జొన్న ఉంది గదా. ఎలాగూ కంకి వేయడం లేదు. ఎడ్లను తోలండి" అన్నాడు రాజు.

"పైరు మీదికా ప్రభూ?" అన్నాడు ఎడ్ల కాపరి.

"ఓర్చుకుంటుందిలే" అన్నాడు రాజు.

కాపరులు ఎడ్లను తోలుకొచ్చారు. జొన్న గాలి లేకుండానే గలగలలాడింది. "ఆగండయ్యా! ఈ ఆకులో నాము ఉంది. మేపకండి. నోరు లేని జీవాలు చస్తాయి!"

కాపరుల్లో పెద్దవాడు పళ్లికిలించాడు. "ఏమమ్మా ఓర్పుల తల్లీ, ఇన్నాళ్లూ లేని ఏడుపు ఇప్పుడెందుకు? నాలుగాకులు తింటే అరిగిపోతావా?"

సుంకులమ్మ పరుగున వచ్చి ఎడ్లకు అడ్డం నిలబడింది. ఆమెను పక్కకు నెట్టేశారు. ఎడ్లు మేశాయి. కాసేపటికే నురగలు కక్కాయి, కాళ్లు తన్నుకుంటూ పడిపోయాయి. ఒక ఎద్దు లేచింది. ఒకటి లేవలేదు.

*

రాజ్యం అట్టుడికిపోయింది. కోట ముందు పెద్ద సభ కూడింది. జొన్న మొక్కను ఒకదాన్ని వేళ్లతో, మట్టిగడ్డతో సహా పెకలించి తెచ్చి నేరస్థుల అరుగు మీద నిలబెట్టారు.

"విషకన్యా!" అని గర్జించాడు రాజు. "ఎంత నమ్మాను నిన్ను! మూడు శాలువాలు కప్పాను! ఒక్క మాటైనా చెప్పకుండా ఇంత విషం కడుపులో పెట్టుకున్నావా?"

వినండి పిల్లలూ, ఒక్క మాటైనా చెప్పకుండా అట! కొలువులో అడిగితే నవ్వినవాళ్లు, అడగడమే తప్పన్నవాళ్లు, కోపం అందం కాదన్నవాళ్లు, ఎడ్ల ముందు అరిస్తే పళ్లికిలించినవాళ్లు, అందరూ ఆ సభలోనే ఉన్నారు. అందరూ తలలూపారు. "ఒక్క మాటైనా చెప్పలేదు, నిజమే" అన్నారు.

జొన్న రాజు వైపు తిరిగింది. 

"ఆ ఎద్దు నాకు పగవాడు కాదు రాజా. దాని పేడ నాకు తిండి, నా చొప్ప దానికి తిండి. దాని చావుకు ఏడవాలని ఉంది, ఒంట్లో నీరు లేదు. కానీ ఒక్క మాట చెప్పలేదనవద్దు. నోటితో చెప్పినవన్నీ మీకు నవ్వులాటయ్యాయి, పోనీ. ఒంటితోనూ చెప్పాను. చుట్టుకున్న ఆకు నా మొదటి మాట. మీరు నమస్కారం అనుకున్నారు. రాలిన ఆకు నా రెండో మాట. త్యాగం అన్నారు. ఇది నా మూడో మాట. ఇదొక్కటే మీకు వినబడింది, ఎందుకంటే నష్టం మీ కొట్టంలో జరిగింది."

అప్పుడు జనంలోంచి అరటి ముందుకు వచ్చింది. ఆకులు చిరిగి ఉన్నాయి, సిగ్గుతో తల వాలి ఉంది. "రాజా, నాకు దాహమై ఏడ్చిన మాట నిజం. జొన్న గొంతు తడి తీసి నాకు పోయమని మాత్రం నేనడగలేదు. పోస్తుంటే వద్దని కూడా అనలేదు. అది నా తప్పు" అంది.

"నోరు ముయ్యండి!" అన్నాడు రాజు. "ఇదే నా ఆజ్ఞ. మిట్ట మీది జొన్ననంతా పీకి పారేయండి. పాతరల్లో దాచిన విత్తనాలు కూడా తవ్వి తీసి కాల్చండి. ఈ జాతి మళ్లీ మొలవకూడదు."

సుంకులమ్మ ముందుకు వచ్చింది. "దొరా, ఆ గింజ కాలితే మిట్ట మీద ఒక్క పొయ్యీ వెలగదు. మేమేం తినాలి? పిల్లలకేం పెట్టాలి?"

రాజు ఆవులించాడు.

"ఓర్చుకోండి. మీకు అలవాటే గదా."

ఆ మాటకు మిట్ట మీది ఆడవాళ్లందరూ ఒక్కసారిగా తలలెత్తి చూశారు. ఆ చూపు రాజు గమనించలేదు. ఆయన ఎన్నడూ వాళ్ల మొహాలు చూసినవాడు కాడు.

జొన్న గమనించింది. "రాజా, చావబోయేవారికి ఒక కోరిక తీర్చడం మన రాజ్యధర్మం" అంది.

"అడుగు. నీళ్లు తప్ప."

"నీళ్లు అడగను. మిట్ట మీద నేను నిలబడిన చోట ఒక్క పగలు, సూర్యుడు లేచింది మొదలు కుంగేదాకా మీరు కూర్చోవాలి. అంతసేపూ మీకు నీళ్లు ఇవ్వరు, గొడుగు పట్టరు. నాకు ఇచ్చినవన్నీ మాత్రం ఇస్తారు. పొగడ్త ఇస్తారు, బిరుదు ఇస్తారు, శాలువా కప్పుతారు. అంతా ఓర్చుకుని మీరు లేచారంటే, చేతులు జోడించి చస్తాను. ఈసారి అది నిజంగా నమస్కారమే అవుతుంది. మధ్యలో నీళ్లడిగారో, నా జాతిని బతకనివ్వాలి."

సభ నిశ్శబ్దమైంది. మధురకంఠుడికి నిశ్శబ్దం పడదు. "మేరుధీరులైన మా ప్రభువుకు ఇదొక లెక్కా!" అన్నాడు.

ధీరకేతుడు మీసం దువ్వాడు. "ఒక గడ్డికి చేతనైనది నాకు చేతకాదా? కూర్చుంటాను" అన్నాడు.

*

మరునాడు తెల్లవారింది. రాజు కిరీటంతో, కంఠహారాలతో, భుజకీర్తులతో వచ్చి వాడిన జొన్న మొక్కల మధ్య పీట వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ రాజ్యం నిలబడింది. మిట్ట ఆడవాళ్లు గట్టు మీద బారు తీరారు. సుంకులమ్మ చంకలో నీళ్ల కుండ, తల మీద చెంగు.

ఎండ ఎక్కింది. రాజు ముందు చిరునవ్వు నవ్వాడు. తర్వాత నవ్వు ఎండిపోయింది. పొద్దు బారెడెక్కేసరికి ఉత్తరీయం నెత్తిన కప్పుకుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ముద్దలా దగ్గరికి చుట్టుకున్నాడు.

మధురకంఠుడికి అలవాటు తప్పలేదు. "ఆహా! చూడండి, ప్రభువు ప్రజలకు వంగి నమస్కరిస్తున్నాడు!"

"నమస్కారమేంటిరా, తల మాడిపోతుంటే!" అన్నాడు రాజు.

 గట్టు మీద ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

ఎండ నడినెత్తికి వస్తోంది. బంగారం కాలి ఒంటికి అంటుకుంటోంది. రాజు కిరీటం తీసి విసిరాడు. హారాలు తెంపి పారేశాడు. భుజకీర్తులు ఊడ్చి దుమ్ములో పడేశాడు.

"ఆహా! ఏమి త్యాగం! ఏమి వైరాగ్యం!" అని మధురకంఠుడు కళ్లు తుడుచుకున్నాడు. "ఇంతటి ఓర్పుకు బిరుదు ఇవ్వకుండా ఉండగలమా? నేటి నుంచి ప్రభువు ఓర్పుల తండ్రి!"

"నోరు ముయ్యరా!" రాజు గొంతు జీరపోయింది.

ఎండ నడినెత్తిన నిలిచింది. రాజు నాలుక పిడచకట్టింది. ఇక రాజు తిట్టడం మొదలుపెట్టాడు. మంత్రిని తిట్టాడు, సేనాపతిని తిట్టాడు, తన కన్నతల్లిని తిట్టాడు. దగ్గరికి వచ్చినవాడినల్లా కరవబోయాడు. పలకరించిన ఎడ్ల కాపరి చెంప పగలగొట్టాడు. నోరంతా విషమైపోయింది. పొద్దు ఇంకా సగమే గడిచింది.

అప్పుడు మధురకంఠుడు పద్ధతి ప్రకారం పళ్లెంలో పట్టు శాలువా పట్టుకుని, మేళతాళాలతో, మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. శాలువా మడత విప్పాడు. వంగి, రాజు భుజాల మీద కప్పబోయాడు.

రాజు ఆ శాలువాను లాగి అతని మొహాన కొట్టాడు.

"శాలువా ఎవడికి కావాలిరా, బుద్ధిలేనివాడా! నీళ్లు! నీళ్లు తే! చచ్చిపోతున్నాను, నీళ్లు!"

మేళం ఆగింది. 

"మూడేళ్లుగా నేను చెబుతున్న మాట అదే రాజా" అంది జొన్న. "మీ నోట వచ్చేసరికి ఎంత బాగా వినబడిందో!"

ఎవరూ నవ్వలేదు. రాజు తల దించుకున్నాడు. ఆయన పెదవులు చీలి నెత్తురు కారుతోంది.

గట్టు దిగి సుంకులమ్మ వచ్చింది. కుండలో నీళ్లు ముంతలోకి వంచి రాజు ముందు పెట్టింది.

రాజు ఆమె మొహం చూశాడు, మొట్టమొదటిసారి. "నాకా? నీ పిల్లల తిండి కాల్చమన్నవాడికా? తల్లీ, నీ ఓర్పు ఎంత..."

"ఆ మాట అన్నారో, ముంత వెనక్కి తీసుకుంటాను" అంది సుంకులమ్మ. "ఇది ఓర్పు కాదు. నాకు కోపంగానే ఉంది, చాలా కోపంగా ఉంది. కానీ దాహమైనవాడికి నీళ్లివ్వాలి. ఇది తెలియడానికి రాజ్యం ఏలనక్కర్లేదు. తాగండి. నేను మిమ్మల్ని పొగడను, మీరు నన్ను పొగడకండి. తాగి, ఆ తాళంచెవి ఇటివ్వండి."

రాజు తాగాడు. తాగి, మొలలోని తాళంచెవి తీశాడు. ఒక్క క్షణం పట్టుకుని ఉన్నాడు, అలవాటు అంత తేలికగా పోదు కదా! గట్టు మీది ఆడవాళ్లు ఒక అడుగు ముందుకు వేశారు. తాళంచెవి సుంకులమ్మ చేతిలో పడింది.

*

ఆ సాయంత్రమే తూము తెరుచుకుంది. కేళాకూళి నీరు మిట్టకు మళ్లింది. తాళంచెవి ఒకరి మొలలో ఉండడం ఆ రోజుతో ఆగిపోయింది. అది అందరి ఎదుట, తూము పక్కన రాతికి వేలాడింది. నీటి కొలువు ఆచారం కూడా మారింది. ఎవరు గట్టిగా ఏడుస్తారా అని ఇక ఎవరూ ఎదురు చూడలేదు. చేను చేనుకూ వెళ్లి, ఆకు చుట్టుకుందా, కింది ఆకు రాలుతోందా అని చూసి వాటా కట్టడం ఏలేవారి పని అయింది. అరటికీ నీళ్లు అందాయి, చెరకుకూ అందాయి. వాటి వాటా మేరకే అందాయి.

జొన్న చుట్టుకున్న ఆకులు మెల్లమెల్లగా విప్పుకుంది. కొత్త ఆకు వేసింది. నీళ్లు తాగి ఎదిగి, పూత వేసేసరికి దాని నాము పోయింది. కంచె అవసరం తీరాక ఎవరు మాత్రం మోస్తారు? కంకులు చేతికి బరువయ్యేంతగా పాలుపోసుకున్నాయి. సుంకులమ్మ ఇంట్లో అందరి పళ్లేలూ ఒకేసారి నిండాయి. అత్త మొదట్లో గొణిగింది. తర్వాత కోడలి పక్కనే కూర్చుని తినడం ఆమెకూ అలవాటైంది. ఆమె కూడా ఒకప్పుడు కింది ఆకే గదా.

మరి శాలువాలు ఏమయ్యాయంటారా? కంకులు గింజ పట్టగానే పిట్టలు దిగాయి. సుంకులమ్మ మంచె ఎక్కింది. రెండు శాలువాలు చింపి పిల్లలకు చొక్కాలు కుట్టింది. జరీ అంచు శాలువాను గట్టిగా పురి తిప్పి ఒడిసెల పేనింది. రాయి పెట్టి తిప్పి వదిలిందంటే గువ్వల గుంపు గుంపంతా లేచిపోయేది. మధురకంఠుడికి కూడా మంచి పని దొరికింది. పక్క మంచె మీద కూర్చుని "హోయ్! హోయ్!" అని పొద్దస్తమానం అరిచేవాడు. అంత పెద్ద గొంతు అన్నాళ్లకు ఒకరి కడుపుకు పనికొచ్చింది.

కనుక పిల్లలూ, మీ ఇంట్లో గానీ మీ ఊళ్లో గానీ ఎవరినైనా ఓర్పు గలవారని పొగడాలనిపిస్తే, పొగిడే ముందు ఒక్క క్షణం ఆగి, వారి వాటా నీళ్లు ఎవరు తాగుతున్నారో చూడండి.